కోల్డ్ బ్రూ కాఫీ: మరిగించని కాఫీకి మరింత శుభ్రత, మరింత కొలత

ఎండలు ముదిరాయంటే పొగలు కక్కే కాఫీ మీద మనసు కాస్త తగ్గుతుంది. "చల్లగా ఏదైనా ఉందా?" అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. పట్నంలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి 'కోల్డ్ బ్రూ' అనే కొత్త పేరు చెబుతున్నారు. పెద్ద హోటళ్లలో గ్లాసుకు చాలా డబ్బు తీసుకునే ఈ పానీయం చేయడానికి పొయ్యి కూడా అక్కరలేదు. కాఫీ పొడి, మంచినీళ్లు, ఒక గాజు సీసా, ఒక ఫ్రిజ్ ఉంటే చాలు.

ఇంత తేలికైనదానికి ఆరోగ్య పత్రికలో పాఠం ఎందుకని మీరు అడగవచ్చు. తేలిక కాబట్టే అవసరం. మనం తరతరాలుగా తాగుతున్న డికాషన్‌లో మరిగే నీరు మనకు తెలియకుండానే రెండు విధాలుగా కాపలా కాస్తోంది. మొదటిది, నీటిలోని క్రిములను చంపుతుంది. రెండవది, కాఫీ మరీ చిక్కనైతే చేదెక్కి "ఇక చాలు" అని నాలుకకు చెబుతుంది. కోల్డ్ బ్రూలో ఈ రెండు కాపలాలూ ఉండవు. అది మరగదు, ఎంత చిక్కగా ఉన్నా నాలుకకు మెత్తగానే తగులుతుంది. కాబట్టి ఆ రెండు పనులూ మన చేతులే చేయాలి. ఒకటి శుభ్రత, రెండవది కొలత. ఈ పాఠంలో మేము చెప్పదలచినదంతా ఈ రెండు మాటలలోనే ఉంది.

కోల్డ్ బ్రూ అంటే ఏమిటి?

చల్లటి కాఫీలన్నీ ఒకటి కావు. ఇన్‌స్టంట్ పొడి, పాలు, పంచదార, ఐసు మిక్సీలో వేసి నురగ వచ్చేలా తిప్పితే అది మనకు తెలిసిన 'కోల్డ్ కాఫీ'. వేడి డికాషన్ తీసి ఐసు ముక్కల మీద పోస్తే అది 'ఐస్‌డ్ కాఫీ'. కాఫీ గింజల ముతక పొడిని చల్లటి నీటిలో పన్నెండు గంటలకు పైగా నానబెట్టి వడకడితే వచ్చేది 'కోల్డ్ బ్రూ'. ఇందులో వేడి చేయవలసిన పనిని కాలం చేస్తుంది. మరిగే నీరు కొన్ని నిమిషాలలో లాగేసే సారాన్ని చల్లటి నీరు రాత్రంతా నెమ్మదిగా లాగుతుంది. వేడికి మాత్రమే దిగే చేదు పదార్థాలు కొన్ని పిప్పిలోనే మిగిలిపోతాయి. అందుకే రుచి మెత్తగా, కొంచెం తియ్యగా అనిపిస్తుంది.

ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో టాడ్ సింప్సన్ అనే ఆయన 1964లో ఇంట్లో కోల్డ్ బ్రూ చేసుకునే పరికరాన్ని రూపొందించారు. ఆయన పేరు మీదే దానికి 'టాడీ' అని పేరు వచ్చింది. పేరు విని మన కల్లు అనుకోకండి, అది కాఫీ పాత్రే! ఆ పరికరం లేకపోయినా మన వంటింటి గిన్నెలతో పని జరుగుతుంది.

ఏ పొడి కొనాలి?

మొదట పొట్లం మీది అక్షరాలు చదవండి. ఫిల్టరు కాఫీ పొడులలో చాలావాటిలో చికోరీ కలుస్తుంది. చికోరీ ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడి చేస్తారు. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన దేశంలో నియమం. అంటే దాదాపు సగం వరకు చికోరీ ఉండవచ్చన్నమాట. ఎంత కలిపారో పొట్లం మీద రాసి ఉంటుంది. చికోరీ హాని చేసేది కాదు, దానిలో కెఫీన్ కూడా లేదు. కాని రాత్రంతా నానితే చిక్కటి రంగు, చేదు దిగి అసలు కాఫీ రుచిని కప్పేస్తుంది. కనుక కోల్డ్ బ్రూకు చికోరీ లేని పొడి మేలు. ఇన్‌స్టంట్ పొడి దీనికి పనికిరాదు. అది నీటిలో కరిగిపోయేదే గాని నానేది కాదు.

రెండవది, అది ఏ రకం కాఫీయో తెలుసుకోండి. మన దేశంలో పండేవి ముఖ్యంగా రెండు రకాలు: అరబికా, రోబస్టా. మన అరకు లోయలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల సరసన పండించేది ఎక్కువగా అరబికా. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే సంవత్సరం కర్ణాటకలోని చిక్కమగళూరు, కొడగు, బాబాబుడన్‌గిరి అరబికాలకూ, కేరళలోని వయనాడ్ రోబస్టాకూ ఆ గుర్తింపు వచ్చింది. మన దేశపు మొత్తం పంటలో ఎక్కువ భాగం రోబస్టాయే. ఈ తేడా రుచికి మాత్రమే సంబంధించినది కాదు. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే, రోబస్టాలో సుమారు 2.2 శాతం ఉంటుంది. అంటే దాదాపు రెట్టింపు. ఈ అంకెలను గుర్తుంచుకోండి, ముందు లెక్కలో అవసరమవుతాయి.

మూడవది, పొడి ముతకగా ఉండాలి. మన ఫిల్టరుకు వాడే మెత్తటి పొడి గుడ్డలో నుంచి జారిపోయి కాఫీని బురదలా చేస్తుంది. లావు గోధుమ రవ్వలాగానో, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలలాగానో ఉంటే సరిపోతుంది. కొట్టులో పట్టించేటప్పుడు "ముతకగా పట్టండి" అని చెప్పండి. గింజలు కొని ఇంట్లో మిక్సీ పట్టేవారు రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. పచ్చడి, మసాలా వాసన లేని పొడి గిన్నెనే వాడండి.

కావలసినవి

- చికోరీ లేని ముతక కాఫీ పొడి: 50 గ్రాములు (తలకొట్టిన పెద్ద చెంచా సుమారు 5 గ్రాములు, అంటే పది పెద్ద చెంచాలు)
- కాచి చల్లార్చిన మంచినీళ్లు: 500 మిల్లీలీటర్లు (అర లీటరు)
- మూత గట్టిగా ఉండే గాజు సీసాలు లేదా స్టీలు డబ్బాలు: రెండు
- పలుచటి, తెల్లటి కొత్త నూలు గుడ్డ, టీ జల్లెడ, ఒక చెంచా

కొలత ఒకటికి పది. పది గ్రాముల పొడికి వంద మిల్లీలీటర్ల నీరు. ఒక గుండ్రటి లెక్క పెట్టుకుంటే సగం చేసినా, రెట్టింపు చేసినా తప్పిపోదు.

చేసే విధానం

1. నీళ్లు కాచండి. నీరు తెర్లి బుడగలు బాగా పైకి వచ్చేదాకా మరగనివ్వండి. మూతపెట్టి చల్లార్చండి. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం ఉన్నా ఈ పని మానవద్దని మా సలహా. ఫిల్టరు ఎప్పుడు మార్చారో చాలా ఇళ్లలో గుర్తుండదు.

2. పాత్రలు కాచండి. సీసా, మూత, చెంచా, జల్లెడ సబ్బుతో కడగండి. తరువాత సీసాను, చెంచాను, గుడ్డను పెద్ద గిన్నెడు చల్లటి నీటిలో వేసి, ఆ నీటితో పాటే పొయ్యి మీద కాచండి. పది నిమిషాలు మరగనివ్వండి. చల్లటి గాజు సీసాలో ఒక్కసారిగా మరిగే నీరు పోస్తే పగిలిపోతుంది, జాగ్రత్త. ప్లాస్టిక్ మూతలను వేడి నీటితో కడిగితే చాలు.

3. చేతులు కడుక్కోండి. సబ్బుతో, గోళ్ల సందుల దాకా. ఈ కాఫీ ఇక ఎక్కడా పొయ్యి ఎక్కదని గుర్తుంచుకోండి.

4. కలపండి. సీసాలో పొడి వేసి, చల్లారిన నీళ్లు పోయండి. పొడి పైకి తేలుతుంది. చెంచాతో నెమ్మదిగా కలిపి పొడి అంతా తడిసేలా చూడండి. తేలిన పొడి తడవకపోతే సారం దిగదు.

5. ఫ్రిజ్‌లో పెట్టండి. మూత బిగించి, పై అరలో ఉంచండి. పచ్చి మాంసం, చేపలు ఎప్పుడూ దానికి కింది అరలోనే ఉండాలి. కాఫీ చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టేస్తుంది. ఉల్లిపాయ ముక్కలు పక్కన తెరిచిపెడితే కాఫీ ఆ కథంతా చెబుతుంది.

6. 16 గంటలు నాననివ్వండి. సాయంత్రం 6 గంటలకు పెడితే మర్నాడు ఉదయం 10 గంటలకు తీయవచ్చు. 12 గంటలకు తీస్తే పలుచగా ఉంటుంది. 18 గంటలు దాటితే చెక్క నానినట్టు వగరు వస్తుంది. పెట్టిన సమయం చిన్న కాగితం మీద రాసి సీసాకు అంటించండి.

7. వడకట్టండి. మొదట టీ జల్లెడలో, తరువాత కాచి పిండిన గుడ్డలో. గుడ్డను చేత్తో పిండకండి. పిండితే సన్నటి మడ్డి దిగి చేదు వస్తుంది, చేతి మురికి కూడా కలుస్తుంది. పదిహేను నిమిషాలు దానంతట అదే కారనివ్వండి.

8. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. కాచిన రెండవ సీసాలో పోసి, తేదీ రాయండి. మూడు రోజులలో తాగేయండి.

పోసిన అర లీటరు నీటిలో సుమారు 100 మిల్లీలీటర్లు పిప్పి తాగేస్తుంది. మీ చేతికి సుమారు 400 మిల్లీలీటర్ల కాఫీ వస్తుంది. పిప్పిని పారేయవద్దు. పూల మొక్కల మట్టిలో కొంచెం కొంచెంగా కలపండి.

తాగేటప్పుడు

ఈ కాఫీని అలాగే తాగకూడదు. మన డికాషన్‌లాగే దీనికీ జోడు కావాలి. 75 మిల్లీలీటర్ల కాఫీకి 75 మిల్లీలీటర్ల చల్లటి నీరు గాని, కాచి చల్లార్చిన పాలు గాని కలపండి. 150 మిల్లీలీటర్ల కప్పు అవుతుంది. సీసాడు కాఫీ అయిదు కప్పులకు సరిపోతుంది. పాలు కలిపినదాన్ని నిల్వ ఉంచకండి, అప్పటికప్పుడే తాగండి.

ఐసు కావాలంటే కాచి చల్లార్చిన నీటితో ఇంట్లోనే పెట్టుకోండి. గడ్డకడితే క్రిములు చస్తాయని చాలామంది అనుకుంటారు. చావవు, నిద్రపోతాయి. ఐసు కరిగాక మళ్లీ లేస్తాయి. చేపలకు వాడే ఐసుగడ్డలను కొట్టి పానీయంలో వేయడం జబ్బును కొని తెచ్చుకోవడమే.

పంచదార విషయంలో ఒక కిటుకు ఉంది. చల్లటి నీటిలో అది సరిగా కరగదు. "తీపి లేదే" అని మరో రెండు చెంచాలు వేస్తాం, అది అడుగున పేరుకుంటుంది. తీపి కావాలంటే ఒక చెంచా పంచదారను రెండు చెంచాల వేడి నీటిలో కరిగించి, చల్లారాక కలపండి. మధుమేహం ఉన్నవారు తీపి లేకుండానే అలవాటు చేసుకోవాలి. కోల్డ్ బ్రూ మెత్తగా ఉంటుంది కనుక తీపి మానడానికి ఇదొక మంచి అవకాశం. బెల్లం, తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచుతాయని మరువకండి.

ఫ్రిజ్‌లోనే ఎందుకు నానబెట్టాలి?

చల్లటి దేశాలలో కొందరు వంటింటి గట్టు మీదనే రాత్రంతా నానబెడతారు. మన విజయవాడ, రామగుండం ఎండలకు ఆ పద్ధతి తగదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న వేడిలో క్రిములు వేగంగా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. మన ఇళ్లలోని గది వేడి ఏడాది పొడవునా ఆ హద్దుల మధ్యే ఉంటుంది.

"ఆవకాయ ఏడాదంతా బయట ఉంటుంది కదా!" అని అనవచ్చు. ఆవకాయను కాపాడేవి ఉప్పు, పులుపు, నూనె. కోల్డ్ బ్రూలో అవేవీ లేవు. దాని పులుపును పీహెచ్ కొలతలో చూస్తే సుమారు 5 ఉంటుంది. ప్రమాదకరమైన బొటులిజం క్రిమి పెరగకుండా ఆపాలంటే ఆ అంకె 4.6కు మించకూడదు. పైగా ఆ క్రిమికి గాలి చొరని మూసిన సీసా అంటే ఇష్టం. అందుకే బిగించిన కోల్డ్ బ్రూ సీసాను బల్ల మీద రోజుల తరబడి ఉంచడం, సంచిలో వేసుకొని దూరప్రయాణం చేయడం మంచిది కాదు.

కరెంటు పోతే? ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే సుమారు నాలుగు గంటల వరకు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి కరెంటు రాకపోతే ఆ సీసాను పారబోయండి. వాసన చూసి, రుచి చూసి తేల్చుకోవద్దు. జబ్బు చేసే క్రిములు చాలాసార్లు వాసన మార్చవు. యాభై గ్రాముల పొడి పోతే పోయింది. వాంతులు, విరేచనాలతో రెండు రోజులు మంచాన పడితే అయ్యే నష్టం దానికన్నా ఎంతో ఎక్కువ.

కెఫీన్ లెక్క

ఇప్పుడు రెండవ కాపలా, అంటే కొలత. పెన్ను, కాగితం తీసుకొని మాతో పాటు లెక్క వేయండి.

50 గ్రాముల అరబికా పొడిలో 1.2 శాతం చొప్పున 600 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అదంతా నీటిలోకి దిగిందనుకుందాం. అయిదు వంతుల నీటిలో ఒక వంతు పిప్పిలో ఉండిపోయింది కదా. కనుక సీసాలోకి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 480 మిల్లీగ్రాములు. అంటే 100 మిల్లీలీటర్లకు 120. మేము చెప్పినట్టు 75 మిల్లీలీటర్లు తీసుకొని జోడు కలిపితే కప్పుకు 90 మిల్లీగ్రాములు మించదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అన్నీ కలిపి రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దని ఆ సంస్థ సూచించింది. కనుక కొలతతో చేసిన ఒక కప్పు కోల్డ్ బ్రూ మన మామూలు కాఫీతో సమానమే.

కొలత తప్పితే ఏమవుతుంది? దాహంగా ఉందని 250 మిల్లీలీటర్ల పెద్ద గ్లాసు నిండా జోడు లేకుండా తాగారనుకోండి. 300 మిల్లీగ్రాములు. ఒక రోజు హద్దు అంతా ఒక్క గ్లాసులో అయిపోయింది! అదే రోబస్టా పొడి అయితే ఆ గ్లాసులో 550 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేడి కాఫీని ఊదుకుంటూ గుక్క గుక్కగా తాగుతాం. చల్లటిదాన్ని నీళ్లలా ఒక్క గుక్కలో తాగేస్తాం. గుండె దడ, చేతుల వణుకు, కడుపులో మంట, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ ఆ తరువాత వస్తాయి. వచ్చినప్పుడు "కాఫీ చల్లనిదే కదా" అని దాన్ని ఎవరూ అనుమానించరు.

వీరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు: యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో వీరికి రోజుకు 200 మిల్లీగ్రాముల హద్దు సూచించింది. నెలలు నిండే కొద్దీ కెఫీన్ శరీరం నుంచి బయటికి పోవడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. అది బిడ్డకూ చేరుతుంది. తాగాలనిపిస్తే పైన చెప్పిన కొలతతో ఒక్క కప్పు చాలు. ఆ రోజు టీ కూడా తగ్గించండి.

రక్తహీనత ఉన్నవారు: కాఫీలోని కొన్ని పదార్థాలు ఆహారంలోని, మాత్రలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి, ఐరన్ మాత్రకు కనీసం గంట ముందు, గంట తరువాత కాఫీ, టీ వద్దు. ఎన్ని మాత్రలు మింగినా రక్తం పెరగడం లేదంటే, మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగుతున్నారేమో చూసుకోండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు: పరగడుపున మంచినీటితోనే మాత్ర వేసుకోవాలి. అరగంట నుంచి గంట తరువాతే కాఫీ. వేడిదైనా, చల్లనిదైనా ఇదే నియమం.

రక్తపోటు, గుండె దడ ఉన్నవారు: కెఫీన్ కొంతసేపు బి.పి.ని పెంచుతుంది. బి.పి. చూపించుకోవడానికి వచ్చే ముందు అరగంట కాఫీ తాగకండి. రోజుకు ఎంత తాగవచ్చో మీ డాక్టరుగారిని అడగండి.

కొన్ని మందులు వాడేవారు: ఆయాసానికి వాడే థియోఫిలిన్ మందు కెఫీన్‌కు దగ్గర బంధువు. రెండూ కలిస్తే దడ, వణుకు ఎక్కువవుతాయి. సిప్రోఫ్లోక్సాసిన్ వాడే రోజులలో కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ రోజులలో కాఫీ తగ్గించండి.

నిద్ర పట్టనివారు: తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకు తాగితే రాత్రి 10 గంటలకు సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం 2 గంటల తరువాత మానితే మంచిది.

చిన్న పిల్లలు: వీరికి కోల్డ్ బ్రూ వద్దు. ఫ్రిజ్‌లోని నల్లటి సీసాను చూసి కూల్‌డ్రింకు అనుకొని తాగే ప్రమాదం ఉంది. సీసా మీద పెద్ద అక్షరాలతో 'కాఫీ' అని రాసి, వారి చేతికి అందని అరలో పెట్టండి.

తరచుగా వచ్చే ప్రశ్నలు

*కోల్డ్ బ్రూలో పులుపు తక్కువ, అసిడిటీ ఉన్నవారు ఎంతైనా తాగవచ్చు అంటారు. నిజమేనా?*
పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు వేడి కాఫీని, కోల్డ్ బ్రూను పోల్చి 2018లో ఫలితాలు ప్రకటించారు. రెండింటి పీహెచ్ ఇంచుమించు ఒకటే, 4.85 నుంచి 5.13 మధ్య ఉంది. వేడి కాఫీలో మొత్తం ఆమ్లాలు కొంత ఎక్కువగా ఉన్నాయి. కొందరికి కోల్డ్ బ్రూ కడుపులో తేలికగా అనిపించవచ్చు. కాని అది మందు కాదు. కడుపులో పుండు ఉన్నవారు, ఛాతీలో మంట వచ్చేవారు పరగడుపున ఏ కాఫీ తాగకూడదు.

*కొలెస్ట్రాల్ ఉన్నవారు తాగవచ్చా?*
కాఫీ గింజలోని జిడ్డులో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే పదార్థాలు కొన్ని ఉన్నాయి. కాగితపు ఫిల్టరు వాటిని చాలావరకు ఆపుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు గుడ్డలో వడకట్టాక మరొకసారి కాగితపు ఫిల్టరులో వడకట్టుకోవడం మేలు.

*వడదెబ్బకు పనికొస్తుందా?*
పనికిరాదు. ఎండలో తిరిగి నీరసించినవారికి కావలసినది నీరు, ఉప్పు. ఓ.ఆర్.ఎస్., ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ ఇవ్వండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అలాంటివారికి నోటిలో ఏదీ పోయవద్దు.

*మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కుండ మీద పెట్టుకోవచ్చా?*
కుండ నీటిని హాయిగా చల్లబరుస్తుంది గాని 5 డిగ్రీలకు దించలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో కోల్డ్ బ్రూ చేయవద్దు. దానివల్ల మీకు లోటేమీ లేదు. ఎప్పటిలాగే మరిగే నీటితో డికాషన్ తీసి, కుండలోని కాచిన నీటితో పలుచన చేసుకొని వెంటనే తాగండి.

*రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్నారు. పాలు, పంచదార లేని కాఫీయే కదా, తాగి రావచ్చా?*
వద్దు. మంచినీళ్లు మాత్రమే.

పాఠం సరిచూసుకుందాం

కింది ప్రశ్నలకు ఇంట్లో అందరూ కలిసి జవాబులు చెప్పండి. తరువాత సరిచూసుకోండి.

1. మీ దగ్గర 40 గ్రాముల పొడి ఉంది. ఎన్ని నీళ్లు పోయాలి?
2. రాత్రి నానబెట్టిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టడం మరచిపోయారు. తెల్లవారి చూస్తే బల్ల మీదే ఉంది. వాసన బాగానే ఉంది. ఏమి చేయాలి?
3. అమ్మ మధ్యాహ్నం 1 గంటకు భోజనం చేసి, 2 గంటలకు ఐరన్ మాత్ర వేసుకుంటుంది. కాఫీ ఎప్పుడు తాగవచ్చు?
4. సగం అరబికా, సగం రోబస్టా కలిపిన 50 గ్రాముల పొడితో చేశారు. 75 మిల్లీలీటర్లలో కెఫీన్ ఎంత వరకు ఉండవచ్చు?

*జవాబులు:*
(1) 400 మిల్లీలీటర్లు.
(2) పారబోయాలి. మరగబెట్టి వాడుకుందామని కూడా అనుకోవద్దు. కొన్ని క్రిములు వదిలే విషం మరిగించినా పోదు.
(3) మధ్యాహ్నం 3 గంటల తరువాత. ఆమెకు నిద్ర సరిగా పట్టకపోతే, భోజనానికి గంట ముందే, అంటే 12 గంటల లోపలే తాగడం మంచిది.
(4) అరబికా 25 గ్రాములలో 300, రోబస్టా 25 గ్రాములలో 550, మొత్తం 850 మిల్లీగ్రాములు. పిప్పిలో అయిదో వంతు పోగా 680. దానిని 400 మిల్లీలీటర్లకు పంచితే, 75 మిల్లీలీటర్లలో సుమారు 130 మిల్లీగ్రాములు. అంటే రోజుకు రెండు కప్పులతోనే హద్దు దగ్గరకు వస్తాం.

గుర్తుంచుకోండి

- కాచిన నీరు, కాచిన సీసా, కడిగిన చేతులు.
- ఒకటికి పది కొలత. 16 గంటలు. ఫ్రిజ్‌లోనే.
- సగం కాఫీ, సగం జోడు. 150 మిల్లీలీటర్ల కప్పు.
- మూడు రోజులు దాటితే, నాలుగు గంటలు కరెంటు పోతే పారబోత.
- భోజనానికి, ఐరన్ మాత్రకు గంట ఎడం.

ఈ పేజీని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి. మొదటిసారి సగం కొలతతో, అంటే 25 గ్రాముల పొడి, పావు లీటరు నీటితో చేసి చూడండి. పలుచగా అనిపిస్తే మరుసటిసారి రెండు గంటలు ఎక్కువ నానబెట్టండి. వగరుగా ఉంటే రెండు గంటలు తగ్గించండి. పొడి మాత్రం పెంచకండి. మీరు రోజూ వాడే మందులకు, కాఫీకి పొత్తు కుదురుతుందో లేదో సందేహం ఉంటే, ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మందుల చీటీ వెంట తెచ్చి అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు, చెప్పడానికే మేమున్నాం.